డిసెంబరు వియన్నాలో ఏ కాఫీహౌస్‌లో కూర్చోవాలి?

డిసెంబరు నెలలో ఆస్ట్రియా రాజధాని వియన్నా నగరంలో సాయంత్రం నాలుగు గంటలకే పొద్దు గుంకుతుంది. ఆ కాసేపటికే పాతబస్తీలోని గ్రాబెన్ వీధి మీద వేలాడదీసిన పెద్ద దీపగుత్తులు వెలుగుతాయి, పక్కనున్న కోల్‌మార్క్ట్ వీధి పొడవునా దీపతోరణాలు మెరుస్తాయి, మలుపు దగ్గర ఇనుప పొయ్యి మీద చెస్ట్‌నట్ గింజలు కాలుతున్న వాసన గాలిలో తేలి వస్తుంది. చలి సున్నా డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మన వైపు నుంచి వెళ్ళినవారికి చెవులు జివ్వుమని, వేళ్ళు కొంకర్లు పోయి, ఎక్కడైనా వెచ్చగా కూర్చుని వేడిగా ఏదైనా తాగితే తప్ప మరో అడుగు వేయలేమనిపించే వేళ అది. అదృష్టవశాత్తూ ఆ నగరం అటువంటి వేళ కోసమే పుట్టిందా అన్నట్టు నాలుగడుగులకొక కాఫీహౌస్ కనిపిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, చాలామందికి అక్కడ ఉండేది రెండు మూడు సాయంత్రాలే కనుక ఏ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాలో ముందే నిర్ణయించుకోవలసి వస్తుంది.

నేను రెండు చలికాలాలు ఆ వీధుల్లో తిరిగాను. ఒకసారి ఒంటరిగా, మరొకసారి అరవై ఎనిమిదేళ్ళ మా అమ్మతో కలిసి వెళ్ళాను. మొదటిసారి చేసిన పొరపాటు చెబితే ఈ పోలిక ఎందుకు రాస్తున్నానో అర్థమవుతుంది. ఫోటోలలో అన్నిటికంటే అందంగా కనిపించిన ఒక పేరున్న చోటును ఎంచుకుని, సన్నటి తుంపరలో యాభై నిమిషాలు బయట నిలబడి, చివరికి లోపలికి వెళితే తలుపు పక్కనే బల్ల దొరికింది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ చలిగాలి వీపుకు తగిలేది. కప్పు ఖాళీ కాకముందే, అడగకుండానే బిల్లు వచ్చి బల్ల మీద కూర్చుంది. అలంకరణ కన్నులపండుగగా ఉన్న మాట నిజమే గాని, నేను వెళ్ళింది వెచ్చగా కూర్చోవడానికి, ఆ పని మాత్రం జరగలేదు.

అందువల్ల మొదటి మాటగా చెప్పదలచుకున్నది ఇది: ఆ నగరంలో అలంకరణ ఎంత ఘనంగా ఉంటే కూర్చునే సమయం అంత తగ్గుతుంది. చూడడానికి ఎక్కడికి వెళ్ళాలి, కూర్చోవడానికి ఎక్కడికి వెళ్ళాలి అనే రెండు ప్రశ్నలను విడివిడిగా వేసుకుంటే ఎంపిక చాలా సులువవుతుంది. వియన్నా కాఫీహౌస్ సంస్కృతిని ఆస్ట్రియా 2011లో యునెస్కో ఒప్పందం కింద తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. ఆ సందర్భంగా దానిని వర్ణించిన తీరులోనే అసలు విషయమంతా ఉంది: అక్కడ మనం ఖర్చు చేసేది కాలాన్నీ చోటునీ, బిల్లులో కనిపించేది మాత్రం కాఫీ ఒక్కటే. అంటే ఒక కప్పు కాఫీ తీసుకుని రెండు గంటలు పత్రిక చదువుకున్నా ఎవరూ ఏమీ అనకపోవడమే ఆ సంస్కృతికి ప్రాణం. ఈ మర్యాద ఇప్పటికీ నిండుగా మిగిలిన చోట్లు కొన్ని ఉన్నాయి. రద్దీ వల్ల పలచబడినవీ ఉన్నాయి. నా పోలికకు గీటురాయి అదే.

ఎక్కడికి వెళ్ళినా ఉమ్మడిగా ఉండే పద్ధతులు ముందుగా తెలుసుకోవాలి. లోపలికి వెళ్ళగానే బరువైన కోటును తలుపు దగ్గరి కొక్కేల స్టాండుకు తగిలించి కూర్చుంటారు. నల్ల సూటు వేసుకున్న వెయిటరు వస్తాడు. ఉత్తగా “కాఫీ” అని అడిగితే అతడికి ఏమీ చెప్పనట్టే. ఎస్ప్రెస్సోలో వేడి పాలు కలిపి పైన పాల నురగ వేసిన దానిని మెలాంజ్ అంటారు. మన ఫిల్టరు కాఫీకి దగ్గరి చుట్టం అదే గాని, చికోరీ ఉండదు, చక్కెర మనమే వేసుకోవాలి, డికాషన్ ఘాటుకు అలవాటుపడిన నాలుకకు మొదటి గుక్క కొంచెం మెత్తగా అనిపిస్తుంది. కాస్త పాలు మాత్రమే పోసినది బ్రౌనర్. అందులో చిన్నది, పెద్దది అని రెండు కొలతలుంటాయి. ఇక చలికాలానికి తగినది ఐన్‌ష్పెన్నర్. ఈ మాటకు ఒంటిగుర్రపు బండి అని అర్థం. పిడి ఉన్న గాజు గ్లాసులో నల్ల కాఫీ పోసి, దాని మీద చిలికిన మీగడను మందంగా పరుస్తారు. ఒక చేత్తో కళ్ళెం పట్టుకున్న బండివాడు రెండో చేత్తో గ్లాసు పట్టుకునేవాడనీ, మీగడ మూతలా పనిచేసి కాఫీని చల్లారనిచ్చేది కాదనీ చెబుతారు. మా అమ్మకు మెలాంజ్ కంటే ఇదే నచ్చింది. గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని, మీగడను కలపకుండా దాని కిందినుంచి వేడి కాఫీని కొద్దికొద్దిగా తాగుతూ, పైపెదవికి అంటిన తెల్లటి గీతను తుడుచుకోవడం కూడా మరిచిపోయి కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చుంది.

కాఫీ ఏదైనా చిన్న లోహపు పళ్ళెంలో వస్తుంది, పక్కనే ఒక గ్లాసు మంచినీళ్ళు ఉంటాయి, ఆ గ్లాసు మీద చెంచాను బోర్లించి పెడతారు. కాఫీతో మంచినీళ్ళు ఇవ్వడం మన ఇళ్ళలోనూ ఉన్న మర్యాదే కనుక మనవాళ్ళకు అది వెంటనే మనసుకు హత్తుకుంటుంది. ఇంకొక చుట్టరికం కుర్చీలలో ఉంది. ఆవిరిపట్టి వంచిన బీచ్ అనే చెట్టు కర్రతో చేసిన గుండ్రటి వీపు కుర్చీలను టోనెట్ అనే సంస్థ వియన్నా నుంచి ప్రపంచమంతటికీ పంపింది. 1859 నాటి 14వ నంబరు కుర్చీని ఆరు ముక్కలుగా విడదీయవచ్చు కనుక ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు సర్ది ఓడలకు ఎక్కించేవారు. హైదరాబాదు, ముంబయి నగరాల పాత ఇరానీ హోటళ్ళలో చలువరాతి బల్లల చుట్టూ వేసిన వంపు కర్ర కుర్చీలు ఈ వంశానివే. అక్కడ కూర్చోగానే ఎక్కడో చూసిన చోటే అనిపించడానికి కారణం బహుశా అదే.

ఇప్పుడు ఒక్కొక్క చోటు సంగతి చూద్దాం. అందరూ ముందుగా అడిగేది కేఫ్ సెంట్రల్ గురించి. హెరెన్‌గాసె వీధిలోని ఫెర్స్టెల్ ప్రాసాదం కింది అంతస్తులో 1876లో తెరిచిన కాఫీహౌస్ ఇది. ఆ భవనాన్ని వాస్తుశిల్పి హైన్రిఖ్ ఫాన్ ఫెర్స్టెల్ 1860 నాటికి పూర్తిచేశాడు. అందులో అప్పట్లో బ్యాంకు, స్టాక్ ఎక్స్ఛేంజి ఉండేవి. గుడి మండపంలోలాగా వరుసగా నిలిచిన రాతి స్తంభాలు, వాటి మీద నుంచి విచ్చుకున్న వంపు కప్పులు చూస్తే కాఫీ తాగడానికి ఇంత గొప్ప హాలు అవసరమా అనిపిస్తుంది, మరుక్షణం అవసరమే అనిపిస్తుంది. రచయిత పీటర్ ఆల్టెన్‌బెర్గ్ తన ఉత్తరాలను ఈ కేఫ్ చిరునామాకే తెప్పించుకునేవాడు. ఇప్పుడు అతడి బొమ్మ ప్రవేశద్వారం దగ్గర ఒక బల్ల ముందు కూర్చుని ఉంటుంది. 1907 నుంచి 1914 వరకు వియన్నాలో ప్రవాసముండిన రష్యా విప్లవకారుడు ట్రాట్‌స్కీ ఇక్కడికి తరచుగా వచ్చేవాడు. చదరంగం ఆడేవారి తాకిడి వల్ల దీనికి చదరంగపు విశ్వవిద్యాలయం అనే ముద్దుపేరు కూడా ఉండేది. రెండో ప్రపంచయుద్ధం తరువాత చాలాకాలం మూతపడి ఉండి, 1975లో మళ్ళీ తెరుచుకుంది.

చలికాలపు అలంకరణ విషయంలో సెంట్రల్‌కు సాటి రాగలవి తక్కువ. ఎత్తైన కప్పు ఉండడం వల్ల దీపాలు, పచ్చటి ఫర్ చెట్టు కొమ్మలు అక్కడ అమరినట్టు చిన్న గదులలో అమరవు. కాని దాని ముందు వరుస కూడా అంతే పొడవుగా ఉంటుంది. డిసెంబరు శని, ఆదివారాలలో మధ్యాహ్నం వేళ ఆ వరుస మూల తిరిగి పక్క వీధిలోకి సాగడం నేను చూశాను. అక్కడే కూర్చోవాలని గట్టి కోరిక ఉంటే బయలుదేరే ముందే ఇంటర్నెట్‌లో బల్ల బుక్ చేసుకోవడం మంచిది, లేదా మామూలు రోజున ఉదయం తలుపులు తెరిచే వేళకే వెళ్ళడం మంచిది. ఉదయపు వెలుతురు పెద్ద కిటికీల గుండా స్తంభాల మీద వాలినప్పుడు ఆ హాలు సాయంత్రం కంటే అందంగా ఉంటుందని నా అభిప్రాయం. దీనికి మరొక సౌకర్యం ఉంది. అదే ప్రాసాదంలో హెరెన్‌గాసె నుంచి ఫ్రయుంగ్ కూడలికి వెళ్ళే కప్పుగల నడవ ఒకటి ఉంది. దుకాణాల మధ్య నుంచి దాని వెంట నడిచి బయటికి వస్తే ఎదురుగా పాత వియన్నా క్రిస్మస్ సంత కనిపిస్తుంది. భూగర్భ రైలు యు3 మార్గంలోని హెరెన్‌గాసె స్టేషను కూతవేటు దూరంలో ఉంది కనుక వయసైనవారితో వెళ్ళేవారికి నడక తక్కువ.

సెంట్రల్ నుంచి అయిదు నిమిషాలు నడిస్తే కోల్‌మార్క్ట్ వీధిలో డెమెల్ వస్తుంది. ఇది నిజానికి కాఫీహౌస్ కంటే మిఠాయి దుకాణం అని చెప్పడమే సరైనది. 1786లో మొదలై, ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు రాజాస్థానానికి మిఠాయిలు చేసి పంపిన సంస్థ ఇది. చక్కెర పట్టించిన వయొలెట్ పూలు ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్‌కు ఇష్టమని చెబుతూ ఇప్పటికీ చిన్న డబ్బాలలో అమ్ముతారు. డెమెల్ అద్దాల కిటికీలలో పేర్చే ప్రదర్శనలు ఏడాది పొడవునా ముచ్చటగానే ఉంటాయి, చలికాలంలో వాటి ముందు పిల్లలు ముక్కులు అద్దానికి ఆనించి నిలబడతారు. వాటిని చూడడానికి డబ్బు అక్కరలేదు, వరుసలో నిలబడనూ అక్కరలేదు. లోపల గాజు గోడ వెనుక మిఠాయివాళ్ళు పిండి సాగదీయడం, చాక్లెట్ పోయడం కూడా చూడవచ్చు. పైఅంతస్తులోని గదులు పాత జమీందారీ మేడల సావడులలా ఉంటాయి గాని ఇరుకు, రద్దీ ఎక్కువ. అక్కడ వడ్డించే స్త్రీలు నల్ల దుస్తులు ధరించి, “మీరు” అనే సర్వనామాన్ని సైతం పలకకుండా “ఎంచుకున్నారా” అని మాత్రమే అడిగే పాత మర్యాద ఒకటుంది. జర్మన్ భాషలో అలా కర్తను వదిలి అడగడం చాలా విడ్డూరం, మన తెలుగులో రోజూ చేసేదే. ఆ వాక్యం విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

డెమెల్ పేరు వచ్చాక సాఖర్ హోటల్ కేఫ్ పేరు రాక తప్పదు, ఎందుకంటే ఈ రెండూ ఒక కేకు కోసం ఏళ్ళ తరబడి కోర్టుకెక్కాయి. 1832లో ఆస్ట్రియా ప్రభుత్వ పెద్ద మెటర్నిఖ్ ఇంటి వంటశాలలో పదహారేళ్ళ శిష్యుడు ఫ్రాన్స్ సాఖర్ ఈ చాక్లెట్ కేకును చేశాడని చరిత్ర. అతడి కొడుకు ఎడువర్డ్ డెమెల్‌లో పని నేర్చుకుని, 1876లో ఒపేరా భవనం వెనుక హోటల్ పెట్టాడు. అసలు కేకు తమదంటే తమదన్న వివాదం చివరికి 1963లో రాజీతో ముగిసింది. అసలైనది అనే పేరు సాఖర్ హోటల్‌కు దక్కింది. తేడా ఎక్కడుందంటే, సాఖర్‌లో ఆప్రికాట్ జామ్ కేకు మధ్యలో ఒక పొర, పైన చాక్లెట్ పూత కింద ఒక పొర ఉంటుంది. డెమెల్‌లో పూత కింద మాత్రమే ఉంటుంది. రెండూ తిన్న తరువాత నాకు సాఖర్‌దే నచ్చింది, ఎందుకంటే ఆ కేకు స్వభావరీత్యా పొడిగా ఉండేది, మధ్యలోని జామ్ పులుపు దానికి ప్రాణం పోస్తుంది. తీపి లేని చిలికిన మీగడను పక్కన పెట్టడం కూడా అలంకారం కోసం కాదు, ప్రతి ముక్కతోనూ కాస్త కలిపి తినాలి.

అయినా కూర్చోవడానికి సాఖర్‌ను ఎంచుకోమని నేను చెప్పను. ఎర్రటి పట్టు గోడలు, స్ఫటిక దీపాలు చలికాలానికి తగినట్టే ఉంటాయి గాని, పండుగ రోజులలో అక్కడి వరుస సెంట్రల్ వరుసకు తీసిపోదు. ఈ కేకులో మీగడ పొరలు లేనందున చాలా రోజులు నిలవ ఉంటుంది. హోటల్ దుకాణంలో చెక్కపెట్టెలో పెట్టి అమ్ముతారు. ఇంటికి తీసుకువెళ్ళి హైదరాబాదులోనో విజయవాడలోనో సొంత కాఫీతో తినవచ్చు కనుక అక్కడ గంటసేపు చలిలో నిలబడడం అనవసరం.

ఇక హవెల్కా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. గ్రాబెన్ నుంచి చీలిన డొరోటెయర్‌గాసె అనే సన్నటి వీధిలో ఆరో నంబరు ఇంట్లో 1939లో లియొపోల్డ్, యోసెఫీనె హవెల్కా దంపతులు దీనిని తెరిచారు. కొద్దికాలానికే లియొపోల్డ్‌ను యుద్ధానికి పిలవడంతో మూసేసి, 1945లో తిరిగి వచ్చి మళ్ళీ తెరిచారు. కట్టెలకు కూడా కరువైన ఆ రోజులలో భర్త వియన్నా అడవుల నుంచి కట్టెలు మోసుకొస్తే భార్య పొయ్యి మీద కాఫీ కాచేదని ఆ ఇంటి చరిత్రలో చెప్పుకుంటారు. తరువాతి దశాబ్దాలలో చిత్రకారులు, రచయితలు దీనిని తమ నట్టిల్లుగా చేసుకున్నారు. యోసెఫీనె 2005లో, లియొపోల్డ్ నూరేళ్ళ వయసులో 2011లో కన్నుమూశారు. ఆ కుటుంబమే ఇప్పటికీ నడుపుతోంది.

లోపలికి అడుగు పెట్టగానే కళ్ళకు చీకటి అలవాటు కావడానికి కొన్ని క్షణాలు పడుతుంది. పొగచూరి గోధుమరంగుకు తిరిగిన గోడలు, వాటి నిండా ఒకదాని మీద ఒకటి అంటించిన పోస్టర్లు, పాత చిత్రాలు, చారల గుడ్డ అరిగిపోయిన సోఫాలు, చేతులు తగిలి తగిలి నునుపెక్కిన బల్లలు కనిపిస్తాయి. ఆస్ట్రియాలో 2019 నవంబరు 1 నుంచి హోటళ్ళలో పొగతాగడం నిషిద్ధం కనుక ఇప్పుడు పొగ లేదు, దాని రంగు మాత్రం గోడల మీద ఉంది. అలంకరణ అని చెప్పదగినది ఇక్కడ పెద్దగా లేదు. నేను వెళ్ళినప్పుడు కనిపించింది ఫర్ కొమ్మలతో అల్లిన గుండ్రటి ఆగమన వలయం ఒక్కటే. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలకు గుర్తుగా దానిలో నాలుగు కొవ్వొత్తులు నిలిపి, వారానికి ఒకటి చొప్పున అదనంగా వెలిగిస్తారు. ఆ రోజు మూడు వెలుగుతున్నాయి, నాలుగోది వత్తి తెల్లగా, ముట్టుకోని కొవ్వొత్తిగా ఉంది. మొదటి కొవ్వొత్తి సగానికి పైగా కరిగి, మైనం కొమ్మల మీదికి జారి గడ్డకట్టింది. నాలుగింటి ఎత్తులూ మెట్లలా దిగుతూ ఉంటే పండుగ ఇంకా ఎన్నాళ్ళుందో క్యాలెండరు చూడకుండానే తెలిసింది. నగరమంతా వెలిగించిన లక్షల దీపాల కంటే ఆ మూడు కొవ్వొత్తులు నాకు ఎక్కువ గుర్తుండిపోయాయి.

హవెల్కాకు రాత్రి ఎనిమిది తరువాత వెళ్ళాలి. అప్పుడే పొయ్యి నుంచి బుఖ్టెల్న్ బయటికి వస్తాయి. ఇవి ఈస్టుతో పొంగించిన మెత్తటి బన్నులు, ఒకదానికొకటి అతుక్కుని కాలినవి, కడుపులో చిక్కటి ప్లమ్ జామ్ పెట్టి ఉంటుంది, పైన చక్కెర పొడి చల్లుతారు. యోసెఫీనె నేర్పిన పద్ధతిలోనే ఇంకా చేస్తారని చెబుతారు. విరిచినప్పుడు లోపలినుంచి ఆవిరి లేచి కళ్ళద్దాలను మసకబరుస్తుంది. ఇక్కడ లోపాలు లేవని కాదు. చోటు బాగా ఇరుకు, ముక్కూ మొహం తెలియనివారితో ఒకే బల్ల పంచుకోవలసి రావచ్చు, పెద్ద సామాను సంచులతో వెళితే పెట్టుకునే దిక్కు ఉండదు. అయిదారుగురు కుటుంబసభ్యులతో, చంటిబిడ్డ బండితో వెళ్ళేవారికి ఇది తగదు. ఒకరిద్దరు మనసు విప్పి మాట్లాడుకోవడానికి మాత్రం పాతబస్తీలో దీనికి మించినది నాకు కనిపించలేదు.

కుటుంబమంతా కలిసి వెళ్ళేవారికి లాంట్‌మన్ మంచి ఎంపిక. 1873లో మొదలైన ఈ కేఫ్ పాతబస్తీని చుట్టివచ్చే రింగ్ రోడ్డు మీద బుర్గ్ నాటకశాల పక్కనే ఉంది. ఎదుటి వైపు నగర సభాభవనం, దాని ముందు మైదానంలో నవంబరు మధ్య నుంచి సాగే వియన్నాలోకెల్లా పేరొందిన క్రిస్మస్ సంత ఉంటాయి. మనోవిశ్లేషకుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ ఇక్కడికి వచ్చేవాడు. గదులు విశాలంగా ఉంటాయి, చెక్కపని నిండుగా ఉంటుంది, భోజనం కూడా దొరుకుతుంది, అద్దాలతో కట్టిన భాగంలో కూర్చుంటే బయటి చలి తగలకుండా వీధి దీపాలను చూడవచ్చు. సంతలో పిల్లలను గంటన్నర తిప్పి, వాళ్ళ కాళ్ళు నొప్పులంటుండగా పది నిమిషాలలో వచ్చి కూర్చోగలిగిన చోటు ఇది. ధరలు కాస్త ఎక్కువ, వాతావరణం కాస్త దర్జాగా ఉంటుంది. వియన్నా పాత వాసన కావాలంటే హవెల్కాలో దొరికినంత ఇక్కడ దొరకదు.

ఫ్రాన్సిస్కానర్‌ప్లాట్స్ అనే చిన్న కూడలిలో క్లైనెస్ కేఫ్ ఉంది. ఆ పేరుకు అర్థం చిన్న కేఫ్. పేరుకు తగినట్టే రెండు బుల్లి గదులు, 1970లలో వాస్తుశిల్పి హెర్మన్ చెఖ్ రూపకల్పన చేసినవి. మంచు కురిసిన రాత్రి ఆ రాళ్ళు పరిచిన కూడలి నుంచి దాని కిటికీ వెలుగు చూడడం బాగుంటుంది. చోటు దొరికితే కూర్చోండి, దొరకకపోతే బాధపడవద్దు.

పాతబస్తీ హద్దు దాటి పదిహేను నిమిషాలు నడవగలవారికి నా మొదటి సలహా గుంపెన్‌డోర్ఫర్ వీధిలోని ష్పెర్ల్. 1880 నాటి ఈ కేఫ్ రింగ్ రోడ్డుకు వెలుపల ఆరో వార్డులో ఉంది కనుక పాతబస్తీ గుంపులు ఇక్కడిదాకా అంతగా రావు. ఎత్తైన కిటికీల పక్కన గూళ్ళలా అమర్చిన సోఫాలు, అరిగి పాలిపోయిన చెక్క నేల, హాలు నడుమ బిలియర్డ్ బల్లలు ఉంటాయి. వాటిలో ఒకదాని మీద దినపత్రికలను పరిచి ఉంచుతారు. మనకు కావలసిన పత్రికను తీసుకుని వెళ్ళి కూర్చోవడమే. జర్మన్ రాకపోయినా చేతిలో పత్రిక పెట్టుకుని ఆ కిటికీ పక్కన కూర్చుంటే కాలం తెలియదు. మా అమ్మ అక్కడ సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, సంచిలోంచి అల్లిక తీసి రెండు గంటలపాటు స్వెటరు అల్లింది. వెయిటరు మధ్యలో ఒకసారి వచ్చి ఖాళీ అయిన నీళ్ళ గ్లాసు తీసుకుని మరో నిండు గ్లాసు పెట్టి వెళ్ళాడు. నేను పిలిచి అడిగేవరకు బిల్లు రాలేదు. మొదటి ఏడాది తుంపరలో నిలబడి నేను వెతికింది ఇదే.

తినే విషయంలో శాకాహారులు, ముఖ్యంగా కోడిగుడ్డు కూడా తిననివారు ముందే తెలుసుకోవలసినవి ఉన్నాయి. వియన్నా కేకులలో దాదాపు అన్నిటిలోనూ గుడ్డు ఉంటుంది. సాఖర్ కేకు పొంగేదే గుడ్డు తెల్లసొనతో. బుఖ్టెల్న్ పిండిలోనూ సాధారణంగా గుడ్డు పడుతుంది. ఆపిల్ ముక్కలను పిండి పొరలో చుట్టి కాల్చే ఆపిల్ ష్ట్రూడెల్ పైపొర సంప్రదాయ పద్ధతిలో పిండి, నూనె, నీళ్ళతో కాగితమంత పలచగా సాగదీసినది కనుక దానిలో గుడ్డు లేకపోవచ్చు, కాని కొన్ని చోట్ల కలుపుతారు, ఎండుద్రాక్షను రమ్‌లో నానబెట్టడమూ మామూలే. ఆస్ట్రియాలో చాలా మెనూలలో పదార్థం పేరు పక్కన లాటిన్ అక్షరాలు అచ్చువేసి ఉంటాయి. అవి అలర్జీ కలిగించే పదార్థాల గుర్తులు. అందులో ‘సి’ అంటే గుడ్డు, ‘జి’ అంటే పాలు, ‘డి’ అంటే చేప. ఈ మూడూ గుర్తుంటే సగం ప్రశ్నలు అడగనవసరం లేదు. మాంసానికి మాత్రం అటువంటి అక్షరం లేదు కనుక, బంగాళాదుంప సూపు అని చూసి శాకాహారమే అనుకోవద్దు, దానిలో పంది మాంసపు ముక్కలు వేయడం అక్కడి అలవాటు. “ఓనె ఐ” అంటే గుడ్డు లేకుండా, “ఓనె ఫ్లైష్” అంటే మాంసం లేకుండా. కాఫీలలో ఫియాకర్‌లో రమ్, మరియా తెరేసియాలో నారింజ మద్యం ఉంటాయి కనుక పేరు బాగుందని అడిగేయకండి. సంతలో పిల్లలకు వేడి పానీయం కావాలంటే కిండర్‌పున్ష్ అని అడగాలి, అది మద్యం లేనిది. ఏదీ కుదరకపోతే కాగితపు పొట్లంలో కాల్చిన చెస్ట్‌నట్లు ఉండనే ఉన్నాయి. ఆ పొట్లం కోటు జేబులో పెట్టుకుంటే చేతులకు కుంపటిలా పనిచేస్తుంది.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త. అక్కడ అసలు పండుగ డిసెంబరు 24 సాయంత్రం. ఇళ్ళలో కుటుంబాలు కూడుకునే ఆ వేళకు దుకాణాలు మూతపడతాయి, చాలా కేఫ్‌లు కూడా మధ్యాహ్నానికే తలుపులు వేస్తాయి. ఆ రోజు కాఫీహౌస్ వెలుగులో గడపాలని ఊహించుకుని వెళ్ళినవారు ఖాళీ వీధులు చూసి తెల్లబోతారు. డిసెంబరు 8 సెలవు దినం కనుక ఆ వారాంతం రద్దీ విపరీతం. నా ఉద్దేశంలో అన్నిటికంటే మేలైన రోజులు క్రిస్మస్ అయిపోయాక, జనవరి 6న వచ్చే పండుగ లోపలివి. అలంకరణలు చాలా చోట్ల ఇంకా ఉంటాయి. నూతన సంవత్సర వేడుకల రెండు రోజులు వదిలేస్తే మిగిలిన ఉదయాలలో బల్లలు దొరుకుతాయి. డబ్బు ఇచ్చేటప్పుడు బిల్లు మీద అయిదు నుంచి పది శాతం కలిపి, ఆ మొత్తాన్ని నోటితో చెప్పి ఇవ్వడం అక్కడి పద్ధతి. కొన్ని పాత కేఫ్‌లలో కార్డు తీసుకోరు కనుక కొంత నగదు దగ్గర ఉంచుకోండి.

ఒక్క రోజే ఉన్నవారికి నేను వేసే క్రమం ఇది. మామూలు రోజున తెరిచే వేళకే సెంట్రల్‌కు వెళ్ళి ఒక మెలాంజ్ తాగి స్తంభాలను తీరిగ్గా చూడండి. నడవ గుండా ఫ్రయుంగ్ సంతలోకి వెళ్ళి, అక్కడి నుంచి తిరిగి కోల్‌మార్క్ట్‌కు వచ్చి డెమెల్ కిటికీలను బయటి నుంచే చూడండి. ఇవన్నీ పగటివేళ పనులు. పొద్దు గుంకిన తరువాత పెద్దవాళ్ళు వెంట ఉంటే ష్పెర్ల్‌కు, పిల్లలు ఉంటే సభాభవనం సంతకూ ఆ తరువాత లాంట్‌మన్‌కూ వెళ్ళండి. ఒకరో ఇద్దరో అయితే ముందుగా ఎక్కడైనా తేలికగా భోజనం ముగించుకుని, గ్రాబెన్ దీపాల కింద ఒకసారి అటూ ఇటూ నడిచి, ఎనిమిదికి పది నిమిషాలుండగా హవెల్కా తలుపు తోయండి. లోపలివైపు మూల సోఫా ఖాళీగా ఉంటే అదే తీసుకోండి, వంటగది నుంచి వచ్చే పళ్ళెం ముందుగా అటువైపే వస్తుంది.